ఆఖరి తేదీకి ముందు

పంపమనేవారు: పోటీకి రాసింది అసలైన రచన కాదన్న చులకన మన సాహిత్యకారుల్లో గట్టిగానే ఉంది. లోపల ఏదో కదిలితే రాసేవాడు రచయిత, పత్రికలో ప్రకటన చూసి కలం పట్టేవాడు బహుమతికి ఆశపడేవాడు అని ఒక గీత గీసుకుని కూర్చున్నాం. మన నవల చరిత్ర ముందు ఆ గీత నిలవదు. తెలుగు నవల ఇంకా తప్పటడుగులు వేస్తున్న 1890లలో న్యాపతి సుబ్బారావు పంతులు గారి చింతామణి పత్రిక నవలలకు పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి రామచంద్ర విజయం, హేమలత ఆ పోటీల్లో బహుమతులు అందుకున్నవే. తరువాత విజ్ఞానచంద్రికా మండలి చారిత్రక నవలలకు పోటీలు నడిపింది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు, అడివి బాపిరాజు గారి నారాయణరావు బహుమతిని పంచుకున్నాయి. నవల కొని చదివే అలవాటు ఇంకా బలపడని రోజుల్లో, రాస్తే అచ్చవుతుందన్న భరోసా లేని రోజుల్లో, నవలకు గిరాకీ పుట్టించినవాటిలో పోటీ ముఖ్యమైనది. ఆ పోటీలను చరిత్రలోంచి తీసేస్తే పోయేది బహుమతుల జాబితా ఒక్కటే కాదు, కొన్ని పుస్తకాలే పోతాయి.

వద్దనేవారు: పేర్లు సరైనవే, లెక్క సరికాదు. నిలిచిన వాటినే చూపించి పోటీల గొప్ప చెబుతున్నారు. ఆనాటి బహుమతి నవలల్లో పరిశోధక విద్యార్థులు కాక మామూలు పాఠకుడు ఇవాళ చేతిలోకి తీసుకునేవి ఎన్ని? కొత్త ప్రక్రియకు ఊతం కావాల్సి వచ్చినప్పుడు పోటీ పనికొచ్చిందని ఒప్పుకుంటాను. ఊతం అవసరం తీరాక కూడా అదే పద్ధతి సాగితే దాని స్వభావం బయటపడుతుంది. పోటీ అంటే వందల రచనల్లో మూడింటిని పైకెత్తి, మిగతావన్నీ వాటికంటే తక్కువని ప్రకటించడం. పరుగుపందెంలో అందరూ ఒకే గీత దగ్గర మొదలై ఒకే గీత దగ్గర ఆగుతారు కాబట్టి ఎవరు ముందో చెప్పొచ్చు. రచనలకు అలాంటి గీత ఏది? మీరు చెప్పిన 1934 పోటీనే తీసుకోండి. ఒకటి పాత ధర్మం కూలిపోతోందని దుఃఖించే నవల. రెండోది జమీందారు కూతురిని పెళ్లాడిన కొత్తతరం యువకుడి చుట్టూ, జాతీయోద్యమపు ఆశ చుట్టూ అల్లుకున్న నవల. ఈ రెండింటినీ తూచే తరాజు ఎవరి దగ్గరా లేదు. అందుకే బహుమతిని పంచి ఇచ్చారు. ఆ తీర్పు న్యాయనిర్ణేతల అశక్తతను ఒప్పుకున్న తీర్పు.

పంపమనేవారు: అశక్తతను ఒప్పుకోవడం నిజాయితీ కూడా. అయినా నేను న్యాయనిర్ణేతల ప్రతిభను వెనకేసుకు రావడం లేదు. పోటీ ఎవరికి తలుపు తీస్తుందన్నదే నాకు ముఖ్యం. మన పత్రికల పోటీల్లో ఒక నియమం దాదాపు ఎప్పుడూ ఉంటుంది: రచన మీద పేరు, ఊరు ఉండకూడదు, హామీ పత్రం వేరే కాగితం మీద పెట్టాలి. మామూలు రోజుల్లో ఎడిటర్ బల్ల మీదికి వచ్చే కథలో ముందు కనిపించేది పేరు. తెలిసిన పేరైతే చదవడం మొదలవుతుంది, తెలియని పేరైతే పక్కకు జరుగుతుంది. దీన్ని ఎడిటర్ల దుర్మార్గం అనను, వాళ్లకున్న సమయం అంతే. ఏ సభలోనూ పరిచయాలు లేని బడి పంతులుకీ, వంటింటి పని తెమిలాక రాసుకునే ఇల్లాలికీ, తన వాడ భాషలో రాసే కుర్రాడికీ, ముక్కూమొహం తెలియని మనిషి తమ రచనను కచ్చితంగా చదివి తీరాల్సిన సందర్భం పోటీ ఒక్కటే. అలాంటి తలుపే 1952లో తెలుగు కథకూ తెరుచుకుంది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి గాలివానకు రెండో బహుమతి వచ్చింది. మన కథ ప్రపంచ కథల సరసన నిలబడగలదన్న ధైర్యం ఆ ఒక్క ఫలితంతో ఎంతమందికి కలిగిందో మీకూ తెలుసు.

వద్దనేవారు: గాలివాన మంచి కథ. బహుమతి రాకపోయినా మంచి కథే. డెబ్భై ఏళ్లు దాటినా పోటీల ప్రయోజనం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఒక్క కథ పేరే ఎత్తాల్సి రావడం మీ వాదానికి బలమో బలహీనతో మీరే ఆలోచించండి. ఇక పేరు కనపడకపోవడం. ప్రకటనలో అచ్చయ్యే న్యాయనిర్ణేతలు వచ్చిన రచనలన్నీ చదవరు. వాళ్ల చేతికి వెళ్లేలోపు ఒక వడపోత జరుగుతుంది. ఆ వడపోత చేసేవారి పేర్లు ఎక్కడా అచ్చు కావు. మీరన్న బడి పంతులు కథ అక్కడే ఆగిపోతే, దాన్ని ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అతనికి ఎప్పటికీ తెలియదు. పైగా ఫలితాలు వచ్చేదాకా మరెక్కడికీ పంపనని హామీ ఇచ్చి నెలల తరబడి ఆ కథను తాళం వేసుకుని కూర్చోవాలి. ప్రకటన చివర మరో వాక్యం తప్పకుండా ఉంటుంది: ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. మన సంప్రదాయంలోనూ పోటీ ఉంది, అది ఇలా ఉండేది కాదు. శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును ఓడించాడని చెప్పుకుంటాం. ఆ ఓటమి నిండు సభలో జరిగింది. అవధాని ఎదుట పృచ్ఛకుడు కూర్చుంటాడు. పద్యం ఎక్కడ తడబడిందో సభంతా వింటుంది, అవధాని అక్కడికక్కడే బదులిస్తాడు. ఇప్పటి పోటీలో అడిగేవారికి మొహం లేదు, ఓడినవారికి నోరు లేదు.

పంపమనేవారు: నోరు లేదన్న మాట ఒప్పుకోక తప్పదు. నాలుగు వాక్యాల అభిప్రాయమైనా రాసి పంపే పోటీలు మనకు కావాలి. నిండు సభ పోటీలను మాత్రం మీరు అందంగా చూపిస్తున్నారు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన స్పర్ధ ఎక్కడిదాకా వెళ్లిందో గుర్తు చేసుకోండి. పద్యాలు వెనక్కి పోయి పక్షాలు ముందుకొచ్చాయి. అభిమానులు రెండు దండులయ్యారు. ఎదురెదురుగా కూర్చుని పోటీ పడితే మనిషి గెలవాలన్న పంతం పెరుగుతుంది. కవరులో పెట్టి పంపే పోటీలో ఓడినవాడి పరువు ఓడినవాడి దగ్గరే ఉంటుంది, తను ఓడినట్టు పక్కింటివారికి కూడా తెలియదు. కొత్తగా రాసేవారికి అది చిన్న మేలు కాదు. అవధానం గురించి ఎత్తారు కాబట్టి ఇంకోటి. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, ఇవన్నీ కవికి పైనుంచి వేసిన కట్టుబాట్లే. ఆకాశవాణి సమస్యాపూరణానికి ఊళ్లలోంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్లేవి. ఆ చివరి పాదం ఎవరో ఇవ్వకపోతే ఆ పద్యాలు పుట్టేవే కావు. ఇరవై అయిదు పంక్తులు మించరాదని పోటీవారు అన్నంత మాత్రాన కవిత్వం చచ్చిపోతుందంటే, ఛందస్సులో రాసిన కవులందరూ నవ్వుతారు.

వద్దనేవారు: కట్టుబాటు కవితను చంపదు. చదివే తీరు చంపుతుంది. సమస్యాపూరణం నేర్పును పరీక్షించే ఆట. ఆ నేర్పు ఒక్కసారి వింటే తెలిసిపోతుంది. వచన కవిత అలాంటిది కాదు. మొదటిసారి చదివినప్పుడు మామూలుగా అనిపించి, మూడోసారికి మనసులో దిగేది అందులో ఉంటుంది. పోటీకి వచ్చిన కవితలు కట్టలకు కట్టలు ముందేసుకుని ఒక్క బిగిన చదివే మనిషికి మూడోసారి చదివే ఓపిక ఎక్కడిది? గట్టిగా మాట్లాడిన కవిత వినబడుతుంది, మెల్లగా మాట్లాడింది కట్టలోనే ఉండిపోతుంది. ఇది తెలిసిన కవి ఏం చేస్తాడు? మొదటి పంక్తిలోనే ఒక చప్పుడు, మధ్యలో ఈ ఏడాది వార్తల్లో ఉన్న విషయం, చివర ఒక చరుపు. కథల్లోనూ అంతే. పోటీ కథ అన్న మాటకు మన పాఠకులకు అర్థం చెప్పాల్సిన పని లేదు. వృద్ధాశ్రమంలో తల్లి, అమెరికాలో కొడుకు, అప్పుల్లో రైతు, ఆఖరి పేరాలో అందరి కళ్లూ తెరిపించే ఉత్తరం, ఒక కొసమెరుపు. ఆ బాధలు అబద్ధమని అనను. వాటిని న్యాయనిర్ణేత ఒప్పుకునే కొలతలకు కత్తిరించి కుట్టడమే అబద్ధం.

పంపమనేవారు: అలాంటి కథలు ఉన్నాయని ఒప్పుకుంటాను. అయితే వారపత్రికల్లో మామూలుగా వచ్చిన కథలన్నీ కొత్త దారులు తొక్కాయా? మూస ఎక్కడైనా ఉంటుంది. ప్రతి పత్రికకూ ఒక రుచి ఉంటుంది, ఆ రుచి తెలిసి రాసేవారూ ఉంటారు. ఆ తప్పును పోటీ ఒక్కదాని నెత్తిన వేయడం న్యాయం కాదు. పోటీ మూసను పెంచినట్టే ఆలోచనను కూడా రేపగలదు. కథలూ కవితలూ కాసేపు పక్కన పెట్టి వ్యాసం వైపు చూడండి. ఫ్రాన్సులో డిజాన్ అకాడమీ ఒక ప్రశ్న వేసింది: శాస్త్రాలు, కళలు మళ్లీ వికసించడం వల్ల మనుషుల నడవడి బాగుపడిందా? అప్పటికి పెద్దగా పేరు లేని రూసో, బాగుపడలేదని వాదిస్తూ వ్యాసం పంపాడు. 1750లో బహుమతి దానికే వచ్చింది. ఆ రోజుల ధోరణికి ఎదురుగా నిలబడి జవాబు చెప్పినవాడికి బహుమతి ఇచ్చారు. పోటీకి రాసేవాడు న్యాయనిర్ణేత మెప్పుకు తలవంచక తప్పదన్న మీ సూత్రం అక్కడ పనిచేయలేదు. అంతకంటే ముఖ్యమైనది, ఆ ప్రశ్న పత్రికలో కనిపించబట్టే రూసో అనే తత్త్వవేత్తను యూరప్ చూసింది.

వద్దనేవారు: రూసో కథను సగంలో ఆపారు. అదే అకాడమీ కొన్నేళ్లకు మనుషుల మధ్య అసమానత ఎలా పుట్టిందని ఇంకో ప్రశ్న వేసింది. రూసో మళ్లీ రాశాడు. ఈసారి బహుమతి రాలేదు. 1755లో పుస్తకంగా వచ్చిన ఆ రెండో వ్యాసాన్నే ఇవాళ రాజనీతి చదివే ప్రతి విద్యార్థీ చదువుతున్నాడు. దాన్ని కాదని ఎవరికి బహుమతి ఇచ్చారో చరిత్రకారులకు తప్ప ఎవరికీ పట్టదు. పోటీ ఒక కొత్త గొంతును ఒకసారి గుర్తుపట్టగలదు. ఆ గొంతు నిజంగా తనదైన మాట చెప్పడం మొదలుపెడితే మాత్రం దానికి వినపడదు. మన దగ్గర వ్యాసాల పోటీలు ఇంకా అన్యాయం. జవాబు ముందే తెలిసిన అంశం ఇస్తారు. పరిశుభ్రత, దేశభక్తి, మాతృభాష గొప్పదనం. వాటిలో కాదు అని రాసి గెలిచేవారెవరు? ఏళ్ల తరబడి తిరిగి, పాత కాగితాలు వెతికి రాయాల్సిన జీవితచరిత్రకూ, యాత్రా రచనకూ, శాస్త్ర విషయాలకూ పోటీలే అరుదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి వెళ్లివస్తూ దారిలో చూసిన ఊళ్లూ, ధరలూ, సత్రాలూ, ఆచారాలూ రాసుకున్నారు. 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఏ ప్రకటనలోని ఏ నియమానికీ లొంగని పుస్తకం అది.

పంపమనేవారు: కాశీయాత్ర లాంటి పుస్తకానికి పోటీలో చోటు లేకపోతే చోటు కల్పించాలని అడుగుదాం, పోటీయే వద్దనడం ఎందుకు? ఇక రూసో ఓటమి మీరనుకుంటున్నంతగా మీ పక్షాన లేదు. రెండో వ్యాసం ఓడింది నిజమే. అసలు అసమానత మీద ఆ ప్రశ్న అకాడమీ వేయకపోతే ఆ వ్యాసం అప్పుడు, ఆ రూపంలో వచ్చేదా? గెలిచిన వ్యాసం, ఓడిన వ్యాసం రెండూ పోటీ ఇచ్చిన తోపుతోనే పుట్టాయి. నేను మొదటినుంచీ చెప్పాలనుకున్నది ఇక్కడికి వచ్చి తేలింది. పోటీ చేసే మేలు ఫలితాల రోజున జరగదు. ఆఖరి తేదీకి ముందు, ఇంట్లో, బల్ల దగ్గర జరుగుతుంది. ఏళ్లుగా నోట్‌బుక్కులో నానుతున్న నవలను ఒక తేదీ బయటికి లాగుతుంది. తెలుగులో నవల రాసినవారు ఇవాళ సొంత డబ్బుతో అయిదు వందల కాపీలు అచ్చు వేసుకుని స్నేహితులకు పంచుకునే పరిస్థితి. అలాంటప్పుడు ఉత్తర అమెరికా తెలుగువారి సంఘం తానా నడిపే నవలల పోటీ లాంటిది లేకపోతే కొన్ని పెద్ద నవలలు తలపెట్టే ధైర్యమే ఉండదు. 1997లో చంద్రలత గారి రేగడి విత్తులు, 2017లో బండి నారాయణస్వామి గారి శప్తభూమి ఆ దారిన వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమను చూపిన శప్తభూమికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. అమెరికాలో ఉన్నవారు డబ్బు పెట్టారు, అమెరికా కథ రాయమని అడగలేదు.

వద్దనేవారు: ఆ రెండు నవలలకూ నేను నమస్కరిస్తాను, వాటికి పోటీ చేసిన మేలు కూడా కాదనను. అయితే మీరు మేలును ఎక్కడికి జరిపారో చూశారా? ఫలితాల రోజు నుంచి బల్ల దగ్గరికి తెచ్చారు. కీడు కూడా అక్కడే జరుగుతుంది. న్యాయనిర్ణేత పొరపాటు పడితే ఒక మంచి కథకు బహుమతి పోతుంది, అంతే కదా. ఆ కథ ఇంకెక్కడో అచ్చవుతుంది. ఆ న్యాయనిర్ణేతను రాసేటప్పుడే ఊహించుకుని, ఆయనకు నచ్చదని ఒక పాత్రను మంచివాడిగా మార్చినప్పుడు పోయేది కథే. అది ఎప్పటికీ తిరిగి రాదు. రచయిత కొట్టేసిన వాక్యం ఏ ఫలితాల పట్టికలోనూ కనపడదు. దూరదేశంలో ఉన్నవారు తమ కథ అడగలేదు సరే. ఊరు విడిచి వెళ్లినవారు బహుమతి ఇస్తున్నారని తెలిసినప్పుడు, వాళ్లు పోగొట్టుకున్న పల్లెనూ, పొలాన్నీ, చరిత్రనూ రాస్తే మేలని నవలాకారుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్ద రచయితలు ఆ ఒత్తిడిని తట్టుకుంటారు. నేను మాట్లాడుతున్నది ఇప్పుడిప్పుడే తన గొంతు వెతుక్కుంటున్నవారి గురించి. మీరు ఎవరికి తలుపు తెరుచుకుంటుందన్నారో, వాళ్ల గురించే.

పంపమనేవారు: ఇది బరువైన మాట, తేలిగ్గా తోసేయలేను. అయినా ఎవరినీ ఊహించుకోకుండా రాసే రచయిత ఉన్నాడా? ఒకరు తన గురువును, ఒకరు తన ఉద్యమాన్ని, ఒకరు ఆదివారం సంచిక ఎడిటర్‌ను, ఇంకొకరు సామాజిక మాధ్యమాల్లో ఇష్టపడేవారి సంఖ్యను ఊహించుకుంటారు. వాటన్నిటి పక్కన పెడితే పేరు తెలియని న్యాయనిర్ణేత కాస్త నయం. ఆయనకు మనతో చుట్టరికం లేదు, రేపు ఆయన పుస్తకానికి మనం సమీక్ష రాయనక్కర్లేదు. మీ భయానికి నా దగ్గర ఉన్న మందు చిన్నది: పోటీ కోసం రాయకుండా, రాసిన దాన్ని పోటీకి పంపడం. పంపేముందు నియమాలు కూడా చదవాలి. హక్కులన్నీ వాళ్లవేనన్న షరతు ఉంటే వదిలేయాలి. ఇంగ్లీషు సాహిత్యంలో ప్రవేశ రుసుము మామూలైపోయింది, మన పత్రికల పోటీలకు ఆ జబ్బు పెద్దగా సోకలేదు. రుసుము అడిగి, ఎవరు చదువుతారో చెప్పని పోటీ కనిపిస్తే అది వ్యాపారమని గుర్తించాలి. బహుమతి రాని కథను ‘సాధారణ ప్రచురణకు’ తీసుకుంటామంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. చవగ్గా ఏడాదికి సరిపడా కథలు కూడబెట్టుకునే ఎత్తు కూడా అందులో ఉండొచ్చు.

వద్దనేవారు: మీ మందును ఒక పరీక్షగా మారుస్తాను. ప్రతి రచయితా కవరు అంటించేముందు తనను తాను ఒకటి అడగాలి: ఈ పోటీ నిన్ననే రద్దయి ఉంటే నేను ఈ రచనను పూర్తి చేసేవాడినా? చేసేవాడినంటే పంపొచ్చు, నాకు అభ్యంతరం లేదు. చేసేవాడిని కాదంటే ఆ రచన అతనిది కాదు, ప్రకటనది.

పంపమనేవారు: ఆ పరీక్షలో వేయిపడగలు తప్పుతుంది. పోటీ గడువుకు అందించాలని విశ్వనాథ ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారనీ, వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉన్న నవల 29 రోజుల్లో పూర్తయిందనీ సాహిత్య చరిత్రలో చెప్పుకుంటాం. ఆ గడువు లేకపోతే ఆ నవల ఎప్పటికి తెమిలేదో, అసలు తెమిలేదో లేదో ఎవరు చెప్పగలరు? ప్రకటనది అని మీరు కొట్టిపారేసే రచనల్లో అదీ చేరుతుంది.

వద్దనేవారు: చేరదు. ఆ పోటీ విశ్వనాథకు ఒక తేదీ ఇచ్చింది. ఏం రాయాలో, ఎంత రాయాలో, ఏ నీతితో ముగించాలో ఆయనకు చెప్పలేకపోయింది. ఆయన లోపల అప్పటికే ఏళ్లుగా పేరుకున్నదంతా ఆ 29 రోజుల్లో బయటికి వచ్చింది. ఇవాళ్టి ప్రకటనలు చాలావరకు అంశం, నిడివి, సందేశం మూడూ చెబుతాయి. లోపల ఏమీ పేరుకోనివారికి తేదీ ఇస్తే బయటికి వచ్చేది ప్రకటనే.

పంపమనేవారు: అయితే మీ తగవు పోటీతో కాదు, ప్రకటన రాసేవారితో. అంశం చెప్పకుండా, నిడివి గీయకుండా, తేదీ ఒక్కటే ఇచ్చే పోటీ పెడితే పంపుతారా?

వద్దనేవారు: అప్పటికి రాయడం పూర్తయి ఉంటే పంపుతాను. తేదీ కోసం మాత్రం పూర్తి చేయను.

పంపమనేవారు: నేను తేదీ కోసమే పూర్తి చేస్తాను. పంపాలా వద్దా అన్నది ఆ తరువాత ఆలోచిస్తాను.